ఖైరియత్ వెనుక ఉన్న మాటలు: అమ్మకో కార్డు, అమ్మదో పుస్తకం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





జమాఖర్చుల వివరాలు కోశాధికారి గారు సమర్పిస్తారు. మేము మాట్లాడబోయేది వచ్చే ఏడాది తలపెట్టిన ఒక చిన్న పని గురించి. దానికి పెద్ద ఖర్చు లేదు. మన పిల్లల చేత వాళ్ల అమ్మలకు చేతితో కార్డులు చేయించడం, ఆ తర్వాత అమ్మ తన నోటితో చెప్పిన బతుకును పిల్లల చేతనే ఒక చిన్న పుస్తకంగా రాయించి కుట్టించడం. ఇంతే. సేవా సంఘానికి ఇదేం పని, రేషన్ కిట్లు, ఫీజులు, వైద్య ఖర్చులు ఉండగా కాగితాలు, రంగులు ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

సోదర సోదరీమణులారా! తల్లి స్థానం గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నా మంచి నడవడికకు అందరికంటే ఎక్కువ హక్కుదారులెవరని ఒక వ్యక్తి అడిగితే దైవప్రవక్త (స) మూడుసార్లు తల్లి పేరే చెప్పి, నాలుగోసారి తండ్రి పేరు చెప్పారని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఈ హదీసు ప్రతి జుమా ఖుత్బాలో వింటూనే ఉంటాం. అయితే ఇంకో సంగతి కూడా గమనించాలి. దివ్య ఖుర్‌ఆన్‌లో లుఖ్మాన్ సూరా తల్లిని గౌరవించమని చెప్పి ఊరుకోలేదు. ఆమె నీరసం మీద నీరసం పడుతూ కడుపులో మోసిందని, పాలు మాన్పించడానికి రెండేళ్లు పట్టిందని కూడా చెప్పింది. అంటే తల్లి పడ్డ కష్టాన్ని, పట్టిన కాలాన్ని లెక్కతో సహా గుర్తుచేసింది.

హజ్రత్ హాజిరా సంగతి చూడండి. నీళ్లు లేని లోయలో పసిబిడ్డ ఇస్మాయీల్‌ను ఉంచి, సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు అటూ ఇటూ పరుగులు తీసిన తల్లి ఆమె. ఈ రోజు హజ్‌కు, ఉమ్రాకు వెళ్లిన ప్రతి ఒక్కరూ, రాజైనా కూలివాడైనా, ఆ తల్లి నడిచిన దారినే ఏడుసార్లు నడవాలి. ఒక తల్లి అనుభవం ఇన్ని వందల ఏళ్లుగా అడుగు అడుగునా గుర్తుండిపోయింది. కాబట్టి తల్లుల అనుభవాలను గుర్తుపెట్టుకోవడం, చెప్పుకోవడం మనకు కొత్త ఫ్యాషన్ కాదు.

మదర్స్ డే మనది కాదు కదా అని పెద్దలు కొందరు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. దాని కథ కొంచెం తెలుసుకుంటే మంచిది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా ప్రాంతానికి చెందిన యాన్ రీవ్స్ జార్విస్ అనే తల్లి పుట్టిన బిడ్డల్లో చాలామందిని పోగొట్టుకుంది. చుట్టుపక్కల ఊళ్ల తల్లులను కూడగట్టి, శుభ్రత గురించి, పిల్లల రోగాల గురించి చెప్పే సంఘాలు పెట్టింది. 1905లో ఆమె చనిపోయాక కూతురు యానా జార్విస్ తల్లి జ్ఞాపకంగా 1908 మే 10న గ్రాఫ్టన్ అనే ఊళ్లో మొదటి సభ జరిపించింది. 1914లో అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ మే నెల రెండో ఆదివారాన్ని తల్లుల దినంగా ప్రకటించారు. తర్వాత పూలు అమ్మేవాళ్లు, అచ్చు కార్డులు అమ్మేవాళ్లు ఆ రోజును వ్యాపారం చేసుకున్నారు. అది చూసి యానా జార్విస్ 1948లో కన్నుమూసే దాకా ఆ వ్యాపారం మీద పోరాడింది. కన్నతల్లికి నాలుగు మాటలు స్వయంగా రాయలేక ఎవరో అచ్చువేసిన కార్డు కొనడమేమిటన్నది ఆమె బాధ.

అందుకని మేము ఆ తారీఖు పట్టుకుని వేలాడటం లేదు. ఏ శుక్రవారమైనా, ఏ సెలవు రోజైనా ఫర్వాలేదు. కార్డు మాత్రం బజారులో కొన్నది కాకూడదు, బిడ్డ చేతిరాతతో ఉండాలి.

ఇక మన ఇళ్లకు వద్దాం. 2016 అక్టోబరు 11 దాకా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ కరీంనగర్ జిల్లాలోవే. ఆ రోజు నుంచి జగిత్యాల, కోరుట్లలు ఒక జిల్లా, సిరిసిల్ల ఇంకో జిల్లా అయ్యాయి. జిల్లాలు వేరైనా తల్లుల పని మారలేదు. ఏ గల్లీలోకి వెళ్లినా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే తల్లి కనిపిస్తుంది. హిందువుల ఇంట్లోనైనా, ముస్లింల ఇంట్లోనైనా చాట ఒకటే, తునికాకు ఒకటే. ఆకు నానబెట్టాలి, కత్తెరతో కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, కట్టలు పెట్టి కార్ఖానాకు తీసుకుపోవాలి. అక్కడ బాగాలేవని పక్కన పడేసినవాటికి కూలి ఉండదు. ఆకు తక్కువైతే సొంత డబ్బుతో కొని లెక్క సరిచేయాలి. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని కడతారు. ఆ వెయ్యి పూర్తికావడానికి బడి నుంచి వచ్చిన ఆడపిల్ల కూడా పక్కన కూర్చోవాల్సి వస్తుంది.

సిరిసిల్లలో సాంచాల చప్పుడు ఉన్న ఇంట్లోనూ కథ ఇంతే. భర్త సాంచాల దగ్గర, భార్య కండెలు చుడుతూనో బీడీలు చేస్తూనో. అక్కడ పని పడిపోయినప్పుడు మగవాళ్లు భివండి, సూరత్ దారి పట్టారు. జగిత్యాల, కోరుట్లల నుంచి దుబాయ్, మస్కట్, సౌదీలకు పోయారు. వెనక ఇంట్లో మిగిలింది తల్లి. వీసా కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టిందీ, అత్తమామల మందులు చూసిందీ, పిల్లల్ని బడికి పంపిందీ, షాదీలు చేసిందీ ఆమే.

ఫోన్లు చేతికి రాకముందు ఉత్తరాలే దిక్కు. మన తల్లుల్లో ఎక్కువమంది నాజిరా ఖుర్‌ఆన్ చదవగలరు కానీ ఉత్తరం రాయలేరు. పక్కింటి పిల్లనో, బడికి పోయే కొడుకునో కూర్చోబెట్టి చెప్పి రాయించేవారు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన మనిషి తిరిగి పోతుంటే టేపు రికార్డరు ముందు కూర్చుని మాట్లాడి ఆ క్యాసెట్టు పంపేవారు. ఆ ఉత్తరాల్లో మొదటి మాట, చివరి మాట ఒకటే. ఇక్కడ అందరం ఖైరియత్. బిడ్డకు జ్వరం వచ్చి తగ్గిన సంగతి, ఇల్లు కురుస్తున్న సంగతి, తనకు దగ్గు ఆగని సంగతి, అప్పులవాడు గుమ్మం ముందు నిలబడ్డ సంగతి అందులో ఉండేవి కావు. పరాయి దేశంలో ఎండలో పనిచేసే మనిషి మనసు పాడుచేసుకోకూడదని ఆమె దాచేది. అడిగితే ఈనాటికీ అంతే చెబుతుంది. అల్లాహ్ దయ, బాగున్నాం బేటా అంటుంది.

ఆ ఖైరియత్ వెనుక ఉన్న మాటలు రాయించడమే మా ప్రయత్నం.

మన తల్లి దగ్గర కార్డులకు కొదవ లేదు. ఆధార్ కార్డు ఉంది, రేషన్ కార్డు ఉంది, బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ఉంది, కాన్పు నాటి తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు కూడా కొందరు ట్రంకు పెట్టెలో దాచుకున్నారు. వాటిల్లో ఆమె పేరు ఒక్కోదాంట్లో ఒక్కో తీరుగా ఉంటుంది. ఒకదాంట్లో బీ, ఇంకోదాంట్లో బేగం, మరోదాంట్లో ఇంటిపేరు ముందుకు వచ్చి అసలు పేరు వెనక్కి పోతుంది. పుట్టిన తారీఖు తెలియక జనవరి 1 అని రాసినవీ ఉంటాయి. ఈ తేడాల వల్ల పీఎఫ్ డబ్బు ఆగుతుంది, పింఛను దరఖాస్తు వెనక్కి వస్తుంది. బీడీ కార్మికుల కోసం 1966లో పని షరతుల చట్టం వచ్చింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఆ నిధి కింద వైద్యం, పిల్లల చదువుకు స్కాలర్‌షిప్పు వంటివి ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల జీవన భృతి మొదలుపెట్టి, 2019లో దాన్ని 2016 రూపాయలకు పెంచింది. హక్కులు కాగితం మీద ఉన్నాయి. తల్లి చేతిదాకా రావాలంటే ఆమె కథ ఎవరో ఒకరు కూర్చుని వినాలి. ఏ కార్ఖానాలో ఎప్పటి నుంచి పనిచేసింది, పెళ్లికి ముందు పేరేమిటి, పీఎఫ్ పుస్తకం ఎక్కడ పోయింది అన్నవి ఆమెకే తెలుసు.

తల్లుల మాటలు రాసిపెడితే ఏమవుతుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు ఇస్తాం.

మొదటిది ఇంగ్లండులోది. అక్కడ కూలి కుటుంబాల స్త్రీల సహకార సంఘం ఒకటి ఉండేది. దాని కార్యదర్శి మార్గరెట్ లెవెలిన్ డేవిస్. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు సమయంలో మీరు పడ్డ కష్టాలు రాసి పంపండని ఆ సంఘం తన సభ్యులైన తల్లులను అడిగింది. అలా వచ్చిన ఉత్తరాల్లో 160 ఉత్తరాలతో 1915లో మెటర్నిటీ అనే పుస్తకం వేశారు. రాసిన తల్లుల పేర్లు బయటపెట్టలేదు. నిండు చూలాలిగా బట్టలు ఉతకడం, తను తినకుండా పిల్లలకు పెట్టడం, బిడ్డలు పోవడం, ఇవన్నీ అచ్చులో కనిపించాయి. తల్లులకు వైద్యం, సాయం కావాలని ఆ సంఘం చేస్తున్న ప్రయత్నానికి ఆ పుస్తకం బలమైంది. 1918లో తల్లీబిడ్డల సంక్షేమ చట్టం అక్కడ వచ్చింది.

రెండోది మన తెలంగాణది. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే బృందం మనకు తెలియని మన చరిత్ర అనే పుస్తకం తెచ్చింది. తెలంగాణ రైతాంగ పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్లు మాట్లాడింది మాట్లాడినట్టు రాసుకున్న పుస్తకం అది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యంతో పాటు హైదరాబాదు ముస్లిం కుటుంబాల నుంచి వచ్చిన జమాలున్నిసా, రజియా బేగంల మాటలు కూడా అందులో ఉన్నాయి. పోరాటం గురించి అప్పటికే పుస్తకాలు ఉన్నాయి. కన్నబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన తల్లి బాధ ఏమిటో మాత్రం ఆ తల్లిని అడిగాకే తెలిసింది.

మన జాతీయోద్యమంలో బీ అమ్మ పేరు మీరందరూ విన్నారు. అలీ సోదరుల తల్లి ఆబాదీ బానో బేగం. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, నగలు కుదువబెట్టి కొడుకులకు ఇంగ్లీషు చదువు చెప్పించిన తల్లి. కొడుకులు ముహమ్మద్ అలీ, షౌకత్ అలీలు దేశమంతా తెలిసినవారు కాబట్టి, తానే స్వయంగా సభల్లో మాట్లాడింది కాబట్టి ఆమె చరిత్రకెక్కింది. పుస్తెలు, కమ్మలు, గాజులు కుదువబెట్టి కొడుకును దుబాయ్ పంపిన తల్లులు, కూతుర్ని డిగ్రీ చదివించిన తల్లులు కోరుట్లలో, జగిత్యాలలో వీధికొకరు ఉన్నారు. వాళ్ల గురించి రాయాల్సింది వాళ్ల పిల్లలే.

ఇక పని ఎలా చేయాలో చెబుతాం. కార్డుకు కొత్త సామాను ఏదీ కొనక్కర్లేదు. ప్రతి ఇంట్లో పాత షాదీ కార్డులు ఉంటాయి. వాటి వెనక భాగం మందంగా, తెల్లగా ఉంటుంది. సిరిసిల్ల పిల్లలకు సాంచాల దగ్గర మిగిలిన గుడ్డ పీలికలు ఉన్నాయి. అమ్మ బీడీలకు కట్టే దారం ఉంది. వీటితో కార్డు అవుతుంది. మేము పెట్టిన షరతు ఒక్కటే. అమ్మా నువ్వు దేవతవు, త్యాగమూర్తివి అని రాయకూడదు. అమ్మ చేసిన ఒక్క పనిని, బిడ్డ కళ్లారా చూసినదాన్ని రాయాలి. సహరీకి అందరికంటే ముందు లేచి, అందరూ తిన్నాక మిగిలింది తిన్నావు అని రాయాలి. పరీక్ష రోజు ఆటో కిరాయి కోసం ఎవరి దగ్గరికి వెళ్లావో నాకు తెలుసు అని రాయాలి. తల్లి కంట నీళ్లు తెప్పించేది ఆ ఒక్క వాక్యమే.

పుస్తకం కూడా సులువే. నాలుగు ఏ4 కాగితాలు మధ్యకు మడిచి, మడత మీద మూడు చోట్ల సూదితో కుడితే పదహారు పేజీలు అవుతాయి. పిల్లలు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని మేము రాసి ఇస్తాం. చిన్నప్పుడు నిన్ను ఇంట్లో ఏమని పిలిచేవారు? బడి ఏ తరగతిలో మానేశావు, ఎందుకు? బీడీలు చేయడం ఎవరు నేర్పారు? నేను పుట్టినప్పుడు దగ్గర ఎవరున్నారు? నాన్న దూరదేశంలో ఉన్నప్పుడు ఎవరికీ చెప్పని సంగతి ఏదైనా ఉందా? నీకంటూ ఏం కావాలని ఉండేది?

భాష గురించి ఒక మాట. మన ఇళ్లలో అమ్మ మాట్లాడేది దక్కనీ ఉర్దూ. పిల్లలు చదివేది తెలుగు మీడియమో ఇంగ్లీషు మీడియమో. ఉర్దూ లిపి చాలామంది పిల్లలకు రాదు. అందుకని అమ్మ మాటను పుస్తకాల తెలుగులోకి మార్చి చక్కబెట్టొద్దని చెబుతున్నాం. ఆమె దక్కనీలో అన్నది దక్కనీలోనే, తెలుగు అక్షరాలతో రాయమంటున్నాం. రేపు మనవళ్లు చదివితే దాదీ గొంతు వినిపించాలి.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. నమ్మి చెప్పిన మాట అమానత్. అమ్మ రాయొద్దన్నది రాయకూడదు. ఆమె ఒప్పుకోకుండా ఫొటో తీయకూడదు, వాట్సాప్‌లో పెట్టకూడదు. పుస్తకం ఇంటిదే, సంఘానికి ఇవ్వనక్కర్లేదు. ఏ తల్లి కథనూ చందాల కోసం వేదిక మీద చదివించం. మార్గరెట్ డేవిస్ సంఘం వందేళ్ల క్రితమే తల్లుల పేర్లు దాచింది. మనం అంతకంటే తక్కువ జాగ్రత్త పడకూడదు.

అమ్మ లేని పిల్లల సంగతి కూడా ఆలోచించాలి. మన దగ్గర ఫీజులు పొందే పిల్లల్లో యతీములు ఉన్నారు. తల్లి లేని పిల్లను అమ్మకు కార్డు చేయమంటే ఆ పిల్ల మనసు ఏమవుతుంది? అందుకని ఎవరు పెంచితే వాళ్లకే కార్డు. నానీ, దాదీ, ఖాలా, ఫుప్పూ, మారుటి తల్లి, పక్కింటి అవ్వ ఎవరైనా కావచ్చు. దైవప్రవక్త (స) కూడా పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. పాలిచ్చి పెంచిన హలీమా గారిని జీవితాంతం తల్లిలా గౌరవించారు. అలాగే బిడ్డను పోగొట్టుకున్న తల్లులు ఉన్నారు. వాళ్ల దగ్గర తొందరపడి ప్రశ్నలు వేయకూడదు. ఆ తల్లి బిడ్డ పేరు తానే ఎత్తితే మాత్రం మాట మార్చకుండా వినాలి.

దాతలకు ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతాం. మీరు ఇచ్చే జకాత్ ఎవరికి చెందాలో తౌబా సూరాలో ఎనిమిది వర్గాలుగా స్పష్టంగా ఉంది. కాగితాలకు, రంగులకు, దారానికి జకాత్ నుంచి ఒక్క రూపాయి కూడా వాడం. అది మామూలు విరాళాల నుంచి, ఇష్టపడి ఇచ్చే సదఖా నుంచే. అయితే ఈ పుస్తకాల పని వల్ల మీ జకాత్ సరైన చోటికి చేరుతుందని మా నమ్మకం. రంజాన్‌లో ఇచ్చే రేషన్ కిట్టు ఏ ఇంటికైనా పనికొస్తుంది. కానీ ఒక తల్లికి కళ్లద్దాలు లేక ఆకు కత్తిరింపు సాగదు. ఇంకో తల్లికి ఆధార్‌లో ఒక అక్షరం మారితే పీఎఫ్ వస్తుంది. మరో తల్లి రక్తం లేక తూలిపోతూ కూడా నీరసం అంతే అంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. ఏ కిట్టులోనూ పట్టని ఇలాంటి అవసరాలు ఆమె చెబితేనే తెలుస్తాయి. నాకు ఇది కావాలని చేయి చాచడం మన తల్లులకు రాదు. బిడ్డ అడిగితే మాత్రం చెబుతారు. బిడ్డకు సాయం అవసరమనిపిస్తే, అమ్మ ఒప్పుకుంటే, సంఘానికి ఒక చీటీ ఇస్తే చాలు. కథ అక్కర్లేదు, అవసరం ఒక్కటి రాస్తే చాలు.

అందుకే మీ నుంచి మూడు కోరుకుంటున్నాం. మొదటిది, ఆధార్ సవరణలు, పీఎఫ్ కాగితాలు, బీడీ కార్మికుల పిల్లల స్కాలర్‌షిప్పు దరఖాస్తులు తెలిసిన ఉద్యోగులు, రిటైరైనవారు నెలకు ఒక ఆదివారం మాకు ఇవ్వండి. మూడు ఊళ్లలో మూడు బల్లలు వేస్తాం. రెండోది, ఆ పనికి, కళ్లద్దాలకు, రక్త పరీక్షలకు అయ్యే ఖర్చు భరించండి. మూడోది డబ్బుతో పనిలేనిది. మీ ఇంట్లో అమ్మ ఉంటే ఒక పూట ఫోను పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చోండి. గల్ఫ్‌లో ఉన్న సోదరులు ఫోన్‌లో ఖైరియత్ అడిగి పెట్టేయకుండా, ఆ రోజుల్లో ఉత్తరంలో రాయించనిది ఏమిటో ఒక్కసారి అడగండి. ఆమె చెప్పేది ఎవరైనా ఒకరు రాసుకోండి. ముసలితనంలో జ్ఞాపకం త్వరగా కరిగిపోతుంది. అడగాల్సింది ఈ ఏడే.

అల్లాహ్ మన తల్లులకు ఆరోగ్యాన్ని, ఇహపరాల్లో సుఖాన్ని ప్రసాదించుగాక. మన మధ్య లేని తల్లులను క్షమించి జన్నతులో ఉన్నత స్థానం ఇచ్చుగాక. చిన్నప్పుడు మనల్ని పెంచినంత దయతో వారిని చూసుగాక. మీరు ఇచ్చిన ప్రతి రూపాయిని, వెచ్చించిన ప్రతి గంటను స్వీకరించుగాక. ఆమీన్.